సౌండు తీసేసిన సమ్మతి

మా ఆఫీసులో చేరినవాళ్ళకి మొదటిరోజు మేస్త్రీ చెప్పే పాఠం ఒక్కటే. "కళ్ళు కంపెనీవి, చెవులు మీవి. చెవులు కాపాడుకోండి." ఆ మాట అనేసి, కొత్తవాళ్ళ భుజం మీదుగా వంగి, కంప్యూటర్లో సౌండు తనే తీసేసి వెళ్ళేవాడు.

మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీ కాదు. గోడలు కట్టింది వాళ్ళ నాన్న, పేరు వచ్చింది ఈయనకి. ఈయన మా టీముకి పెద్ద. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. వరస కలుపుకున్నాం కాబట్టి వాళ్ళింటికి రాకపోకలు కూడా ఉన్నాయి. వాళ్ళమ్మాయి నన్ను అత్తా అని పిలుస్తుంది.

ఇక మా పని. బూతు వీడియోల సైటు ఒకటుంది. పెద్దవాళ్ళ వినోదం అంటారు కంపెనీవాళ్ళు, నాకంత నాజూకు రాదు. అందులో ఎవరైనా వీడియో పెట్టుకోవచ్చు, కానీ వీడియోలో ఉన్న మనిషి మేజరై ఉండాలి, ఇష్టపడి ఉండాలి. అందుకని ప్రతి వీడియోకీ ఒక సమ్మతి క్లిప్పు జత చెయ్యాలి. మనిషి తన గుర్తింపు కార్డు మొహం పక్కన పట్టుకుని, "నాకిష్టమే" అని నోటితో చెప్పాలి. మేం చూసేది ఆ క్లిప్పులే. కార్డులో మొహమూ మనిషి మొహమూ ఒకటేనా అన్నది మిషను చూసుకుంటుంది. మా తెరల మీద మొహమూ, కార్డు మీది పేరూ మసకగా ఉంటాయి. వాళ్ళ పరువు కాపాడటానికట! నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. పుట్టిన తేదీ సరిపోయిందా, కార్డు అంచులు కనిపిస్తున్నాయా, పెదాలు కదిలాయా అని చూసుకుని పచ్చ బటన్ నొక్కడమే.

"ఇటుక చూడండి, ఇల్లు చూడొద్దు. ఇల్లు చూశారంటే రాత్రికి నిద్రపట్టదు," అనేవాడు మేస్త్రీ.

సౌండు తీసెయ్యడం దుర్మార్గంతో మొదలైంది కాదు. మొదట్లో అందరం హెడ్‌సెట్లు పెట్టుకునే పనిచేశాం. చూసింది ఎలాగో మరిచిపోతాం గానీ విన్నది ఇంటిదాకా వెంట వస్తుంది. టీములో ఒకతను పెళ్ళాం నవ్వితే ఉలిక్కిపడేవాడు. ఇంకొకావిడ పక్కింట్లో తలుపు చప్పుడైతే చెవులు మూసుకుని కూర్చునేది. మేస్త్రీ పైవాళ్ళతో నెలల తరబడి పోట్లాడి, సౌండు లేకుండా పని చేసుకోవచ్చని ఒప్పించాడు. హెడ్‌సెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ రోజు ఆయనకి దణ్ణం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

టీ దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే గొడవ. ఇదంతా తప్పా, ఎవరిష్టం వాళ్ళదా?

"మేజర్లు ఇద్దరు ఇష్టపడి తీసుకుని ఇష్టపడి పెట్టారు. చూసేవాడు ఇష్టపడి చూస్తున్నాడు. మధ్యలో నీకూ నాకూ ఏంటమ్మా నొప్పి?" అనేవాడు మేస్త్రీ.

"నొప్పి లేకపోతే ఇంట్లో లెక్కలు సరిచూసే ఉద్యోగమని ఎందుకు చెప్పారన్నయ్యా?"

"అది నా ఇష్టం," అని పకపకా నవ్వేవాడు.

నేను ఎటూ తేల్చుకోలేకపోయేదాన్ని. ఒక జంట ఉండేది, నడివయసువాళ్ళు. క్లిప్పు చివర చూసేవాళ్ళకి చెయ్యి ఊపి వెళ్ళేవాళ్ళు, రైలు కిటికీలోంచి ఊపినట్టు. మొహాలు మసకలో ఉన్నా నవ్వుతున్నారని తెలిసిపోయేది. వాళ్ళది తప్పని ఎలా అనను? ఇంకోవైపు కార్డు పట్టుకున్న చెయ్యి వణికే క్లిప్పులు కూడా వచ్చేవి. చెయ్యి వణికితే ఆపాలని రూలు లేదు. అవీ పచ్చ బటనులోనే పోయేవి. ఈ రెండూ ఒకే పళ్ళెంలో పెట్టి తప్పా ఒప్పా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

తర్వాత నన్ను అప్పీళ్ళకి మార్చారు. "ఆ వీడియోలో ఉన్నది నేనే, నేను ఒప్పుకోలేదు, తీసెయ్యండి" అని ఎవరైనా రాస్తే ముందు మామూలు బల్ల దగ్గరకి వెళుతుంది. అక్కడ సమ్మతి క్లిప్పు ఉందా అని చూస్తారు. ఉంటే, ఉంది కాబట్టి కుదరదని జవాబు వెళ్ళిపోతుంది. అయినా ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ రాసేవాళ్ళది నా దగ్గరకొస్తుంది. నా తెర మీద మొహం మసక ఉండదు, ఫిర్యాదు చేసినవాళ్ళ ఫోటోతో పోల్చాలి కాబట్టి.

ఆ రోజు తెరిచిన అప్పీలులో మేస్త్రీ కూతురుంది.

చూసి, పొరపాటు పడ్డానేమో అనుకుని మళ్ళీ చూశాను. అదే నుదురు, అదే వంకర పన్ను. కార్డు పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ ఏదో చెబుతోంది. సౌండు లేదు. మా పద్ధతి ప్రకారం చూస్తే వంక పెట్టడానికి లేని క్లిప్పు. వీడియో నేను తెరవలేదు. నాలుగు బల్లల అవతల వాళ్ళ నాన్న ఎవరికో జోకు చెప్పి తనే నవ్వుకుంటున్నాడు.

కడుపులో నొప్పని చెప్పి బయటపడ్డాను.

ఆ పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. మొగుడితో పడక విడిపోయి, కొన్ని నెలలుగా పుట్టింట్లోనే ఉంటోంది. ఎదుటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న స్కేలు ముక్కు మీద ఆనించి, రెండు కనుపాపల మధ్య దూరం కొలవడం ఆమె పని. మంచి చెయ్యి అని పేరు. మేస్త్రీ కళ్ళజోడు కూడా ఆమె చేసిందే. "మా అమ్మాయి పెట్టిన కళ్ళు," అని అందరికీ చూపించుకునేవాడు.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో లేదు. వెనక గదిలో అద్దాలు తుడుస్తోంది.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావేంటి?"

"నేనే అడిగానత్తా, వెనక పని ఇవ్వమని." గుడ్డ మడతపెట్టింది, విప్పింది. "కొలవాలంటే వాళ్ళ కళ్ళలోకి చూడాలి కదా. మొన్న ఒకడు కుర్చీలో కూర్చుని, నన్ను చూసి అదోలా నవ్వాడు. ఎక్కడో చూశానే నిన్ను అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి కన్నూ..." ఆగిపోయింది. "అసలు నువ్వెందుకొచ్చావత్తా?"

ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "నీ అప్పీలు నా బల్ల మీదకొచ్చింది తల్లీ," అనేశాను.

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "నీ బల్లంటే... నువ్వూ నాన్నా ఒకే ఆఫీసు కదా. లెక్కల ఆఫీసు కదా మీది?"

నేను తల దించుకున్నాను.

"అయితే నేను రాసినవి కొట్టేసింది నాన్నేనా?"

"నాన్న కాదమ్మా. నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళు." ఆ మాట ఓదార్పు అనుకుని ఎలా అన్నానో, నా నోరు పడిపోను!

ఆ పిల్ల ఏడవలేదు. మెల్లగా జరిగిందంతా చెప్పింది. "వీడియో తీసుకోవడం నా ఇష్టమే అత్తా. నేను అబద్ధం చెప్పను. అప్పుడు బాగున్నాం. మనిద్దరికే అన్నాడు, సరే అన్నాను. లోకానికి చూపిస్తానంటే చంపేసేదాన్ని."

"మరి కార్డు పట్టుకుని మాట్లాడావే, అదేంటి?"

"నేనెప్పుడు పట్టుకున్నాను?" అని ఆలోచించి, చేతిలో గుడ్డ జారవిడిచింది. "సిమ్ము! మా ఆయనకి ఫోన్ల కొట్టుంది కదా, అక్కడే కొత్త సిమ్ము తీసుకున్నాను. కార్డు పట్టుకుని పేరూ వివరాలూ చెప్పమని తనే ఫోన్లో తీశాడు. అదా మీకు పంపింది? అందులో నేనేం చెప్పానో ఎవరూ వినలేదా?"

ఏం చెప్పను? వినడం మా పనిలో లేదమ్మా అనా?

పోలీసుల దగ్గరకీ వెళ్ళిందట. సైటువాళ్ళు సమ్మతి లేదని రాసిస్తే చూస్తామన్నారట. సైటువాళ్ళేమో సమ్మతి ఉందంటున్నారు. ఇక మిగిలింది నా బల్ల ఒక్కటే.

"తీయించేస్తాను. ఆ మాటలు విని రాస్తే చాలు," అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నాన్నకి తెలియకూడదు. నాన్నకి తెలిసేటట్టయితే వద్దత్తా, దాన్నలాగే ఉండనీ. ఊరంతా చూసినా చచ్చీచెడీ బతుకుతాను. సాయంత్రం అన్నం దగ్గర నాన్న ఎదురుగా కూర్చోవాలి. ఆ ఒక్కటీ ఉండనీ నాకు."

మాటిచ్చాను. ఇవ్వకుండా ఎలా వస్తాను?

మర్నాడు బీరువా తాళంచెవి మేస్త్రీ సొరుగులోంచి తీసి, ఒక హెడ్‌సెట్ దులిపి పెట్టుకున్నాను. ఆ పిల్ల గొంతు చెవిలో మోగింది. తన పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. మేస్త్రీకి అసలు పేరొకటి ఉందని ఆఫీసులో సగంమంది మరిచిపోయారు, ఆ పేరు. ఆ తర్వాత, "ఈ కొత్త నంబరు నాకోసమే, నా ఇష్టంతోనే తీసుకుంటున్నాను," అని కిసుక్కున నవ్వింది. వెనకనుంచి మగ గొంతు, "నవ్వకుండా చెప్పవే, ఇంకోసారి తియ్యాలి," అంది. అంతే. కాపురంలో ఒక మంచి పూట అది. దాన్ని తెచ్చి సమ్మతని అంటించాడు దౌర్భాగ్యుడు.

రుజువు దొరికింది. కానీ రుజువులోనే తండ్రి పేరుంది. పచ్చ బటన్ పడిన క్లిప్పుని కొట్టెయ్యాలంటే టీము పెద్ద ఒప్పుకుని ఎర్ర బటన్ నొక్కాలి. టీము పెద్ద మేస్త్రీ. ఆయన పైన ఉన్నది మనిషి కాదు, ఒక ఈమెయిలు. దానికి రాస్తే గోడకి చెప్పుకున్నట్టే.

పనంతా సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ఆయన బల్ల దగ్గరకెళ్ళాను. ఆయన తెర మీద మొహమూ పేరూ మసకగానే ఉంటాయి, అదొక్కటే నా ధైర్యం.

"అన్నయ్యా, ఈ అప్పీలు చూడండి. క్లిప్పు దొంగది. సిమ్ము కార్డు కోసం మాట్లాడిన మాటలు. ఎర్ర బటన్ నొక్కెయ్యండి."

"మాటలా? నువ్వు విన్నావా?" కళ్ళజోడు పైనుంచి చూశాడు. "బీరువా తీశావా చెల్లెమ్మా?"

"తీశాను. తిట్టాలనుంటే తర్వాత తిట్టండి. ముందు నొక్కండి."

"అలా ఎలా? కాపురం బాగున్నప్పుడు ఇష్టమే అంటారు, చెడ్డాక అయ్యో అంటారు. అలాంటివి ఎన్ని చూడలేదు మనం? విన్నది నువ్వు, నొక్కేది నేను. నేను వినకుండా నొక్కితే రేపు నా మెడకి చుట్టుకుంటుంది."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. పద్ధతి మీద ఇంకా ఉంది," అని నవ్వి చెయ్యి చాపాడు. "ఏదీ, హెడ్‌సెట్ ఇలా ఇవ్వు."

అప్పుడు వెనక్కి తగ్గాను. ఆ పిల్ల పట్టుకున్న మణికట్టు ఇంకా నొప్పిగానే ఉన్నట్టనిపించింది. "పోనీలెండి అన్నయ్యా. వదిలెయ్యండి. అంత పెద్ద విషయమేం కాదు," అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. మేస్త్రీ చెడ్డవాడైతే ఈ కథ ఇంత బరువుగా ఉండేది కాదు. "ఏంటమ్మా ఈ మాట? ఎవరో ఆడపిల్ల మొత్తుకుంటోందంటావు, క్లిప్పు దొంగదంటావు, మళ్ళీ వదిలెయ్యమంటావు. వదిలేస్తే ఆ పిల్ల గతేంటి? దానికీ ఓ తండ్రి ఉంటాడు కదా." నా చేతిలోంచి హెడ్‌సెట్ తనే లాక్కున్నాడు.

నేను వైరు పట్టుకున్నాను. "వద్దన్నయ్యా. నా మాట వినండి."

"నీ మాట తర్వాత వింటాను," అన్నాడు.

క్లిప్పుని నేను నడిమధ్యలో, పేర్లు అయిపోయిన చోట ఆపి పెట్టాను. ఆయన దాన్ని మొదటికి లాగాడు. మొదటినుంచి చూడాలని మా అందరికీ నేర్పింది ఆయనే కదా.

ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. మొదటి మాటకే కనుబొమ్మలు ముడిపడ్డాయి, తెలిసిన గొంతు ఎవరిదా అన్నట్టు. తర్వాత ఆయన పేరు వచ్చి ఉంటుంది. చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. క్లిప్పు అయిపోయింది. ఆయన మళ్ళీ పెట్టుకోలేదు, నన్నేమీ అడగలేదు. ఎర్ర బటన్ నొక్కాడు. హెడ్‌సెట్ ఒక్కసారిగా పీకితే కళ్ళజోడు కూడా ఊడొచ్చి కింద పడి, ఒక కాడ విరిగిపోయింది.

కింద పడ్డ కళ్ళజోడు వంక చూస్తూ అడిగాడు. "ఎవరు పాస్ చేశారు దీన్ని?"

"తెలియదు. ఎవరైతేనేం అన్నయ్యా, అందరూ మీరు నేర్పినవాళ్ళమే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఆ క్షణంలో ఆయన మీద జాలీ ఉంది, కోపమూ ఉంది, కోపమే ముందు నోట్లోంచి వచ్చింది.

"నేనే అయ్యుండచ్చు," అన్నాడు. "మసకలో ఏం తెలుస్తుంది? నేనే అయ్యుండచ్చు." కళ్ళజోడు ఏరుకుంటూ, "వీడియో నేను చూడలేదు. చూడను. నాకు తెలిసినట్టు దానికి చెప్పకు. దానికి ఆ కష్టం కూడా ఎందుకు?" అన్నాడు.

అలా ఒకరికి తెలియకుండా ఒకరికి మాటిచ్చి, ఇద్దరి మధ్యా గోడలాగా నిలబడ్డాను. మా సైటులోంచి వీడియో పోయింది. మర్నాటికి వేరే సైట్లలో కనిపించింది. అవి ఎవరివో, ఎవరికి రాయాలో మాకెవరికీ తెలియదు. ఆ పిల్లకి, "తీసేశారమ్మా, నాన్నకి తెలియదు," అని మాత్రం చెప్పాను. ఫోన్లోనే చాలాసేపు ఏడ్చింది. అన్ని నెలల్లో అదే మొదటిసారి ఏడవడం అంది.

మేస్త్రీ విరిగిన కాడకి దారం కట్టుకుని తిరిగాడు. ఇంట్లో వదిన ఊరుకోదు కదా. "కూతురు కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తుంటే దారాలు కట్టుకుంటారా, జనం నవ్వుతారు, వెళ్ళి మార్చుకోండి," అని రోజూ పోరు. చివరికి ఆయన నన్ను అడిగాడు. "నువ్వూ రా చెల్లెమ్మా. ఒక్కడినే వెళ్ళలేను."

వెళ్ళాం. ఆ పిల్ల ముందు గదిలో ఉంది! మళ్ళీ ముందు పనిలో పడింది. తండ్రిని చూసి మొహం విప్పారింది. "ఇన్నాళ్ళకి తీరిందా నాన్నా నీకు? ఇంకా ఆ దారమేంటి, మరీ బడిపిల్లాడిలాగా!" అంటూ కుర్చీలో కూర్చోబెట్టింది. విరిగిన కాడ చూసి, ఇది బాగుపడదు, కొత్త ఫ్రేము వెయ్యాలంది. పాత కొలత ఉంది కదా అన్నాడు ఆయన. "ఫ్రేము మారితే మళ్ళీ కొలవాలి. నా పని నాకు చెబుతావా?" అని నవ్వి స్కేలు తీసింది.

స్కేలు ముక్కు మీద ఆనించి, మొహానికి మొహం దగ్గరగా వంగింది. "నా వైపు చూడు."

ఆయన గోడ మీద అక్షరాల చార్టు చూశాడు.

"చార్టు కాదు నాన్నా. నా కళ్ళలోకి చూడు. లేకపోతే కొలత రాదు."

ఆయన ప్రయత్నించాడు, అది నేను కళ్ళారా చూశాను. చూపు ఆమె భుజం దాకా వచ్చింది, మెడ దాకా వచ్చింది, అక్కడినుంచి పైకి రాలేకపోయింది. కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

ఆ పిల్ల స్కేలు అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత తల తిప్పి నా వంక చూసింది. నేను నేల చూశాను. ఇక చెప్పడానికేం మిగల్లేదు.

"నేను చూడలేదమ్మా," అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "ఒట్టు. విన్నానంతే."

"ఏం విన్నావ్?"

"నా పేరు చెప్పావ్. నవ్వుతూ చెప్పావ్."

ఆమె స్కేలు వెనక్కి తీసుకుంది. తర్వాత, చూపు తగ్గిందని కస్టమర్లకి చెప్పే గొంతుతోనే అంది. "మొదటిసారి రాసినప్పుడే వినుంటే సరిపోయేది కదా నాన్నా."

స్కేలు జేబులో పెట్టుకుంది. అవతల అద్దాలు సర్దుతున్న తోటి పనివాణ్ణి పిలిచి, "అన్నా, ఈ కస్టమర్‌ని మీరు చూడండి," అని చెప్పి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.